సేవ చేసే మనిషికి ఏమవుతుంది?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పరోపకారం గురించి సైన్సు ఏం చెబుతోంది, స్వచ్ఛంద సేవ వల్ల చేసేవాళ్ళకి ఏం లాభం అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. విషయం వినగానే కొంచెం జంకాను. మన దేశంలో ఆడవాళ్ళకి సేవ గురించి ఉపన్యాసం చెప్పని వాళ్ళు లేరు. పుట్టింట్లో నాయనమ్మ చెబుతుంది, అత్తింట్లో అత్తగారు చెబుతుంది, పురాణం చెప్పే ఆయన చెబుతాడు, ఎన్నికలప్పుడు నాయకులు చెబుతారు. వాళ్ళ వరసలో నేను కూడా చేరాలా అనిపించింది. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే, ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు చదువుతుంటే, అవి చెప్పేదానికీ మనం వింటూ వచ్చినదానికీ పొంతన లేదని తెలిసింది.

మొదట ఒక పాత సంగతి. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శనలో దుర్గాబాయి వాలంటీరు. అప్పటికి ఆమె పద్నాలుగేళ్ళ పిల్ల. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపకూడదని ఆమెకి అప్పగించిన పని. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వస్తే ఆయన్నీ ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి ఆమె మీద కేకలేశారు, టిక్కెట్టు కొన్నాకనే ఆయన లోపలికి వెళ్ళారు. ఆ పిల్లే తర్వాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయింది. ఈ కథని అందరూ నెహ్రూ గొప్పతనం కోసమో, ఆమె ధైర్యం కోసమో చెబుతారు. నాకు మాత్రం అందులో వాలంటీరు అనే మాటకి అర్థం కనబడుతుంది. వాలంటీరు అంటే చేతులు కట్టుకుని నిలబడే మనిషి కాదు. ఒక బాధ్యతని తనంతట తాను తీసుకుని, దాంతోపాటు వచ్చే అధికారాన్ని కూడా తీసుకున్న మనిషి. మన దగ్గర రెండోది ఎప్పుడో జారిపోయింది.

పరోపకారానికి ఇంగ్లీషులో వాడే 'అల్ట్రూయిజం' అనే మాట పుట్టుక కూడా చూడండి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆగస్ట్ కామ్టే అనే ఫ్రెంచి తత్వవేత్త దాన్ని తయారుచేశాడు. ఇతరుల కోసం బతకడమే నీతి అన్నాడు. బాగానే ఉంది. కానీ ఆ గుణం అందరికన్నా స్త్రీలలో ఎక్కువ ఉంది కాబట్టి వాళ్ళు నైతికంగా పురుషులకన్నా ఉన్నతులనీ, అందుకే ఇంట్లో ఉండాలనీ కూడా అన్నాడు! జాన్ స్టూవర్ట్ మిల్ ఆయనతో ఉత్తరాల్లో దీని మీద చాలా వాదించాడు. వాళ్ళ స్నేహం చెడిపోవడానికి ఉన్న కారణాల్లో ఈ స్త్రీల ప్రశ్న ఒకటి. పొగిడి పీట వేసి కూర్చోబెట్టడం, ఆ పీట మీద నుంచి లేవనివ్వకపోవడం మనకి కొత్తేమీ కాదు. ఈ మాట పుట్టినప్పటి నుంచే అందులో ఆ మెలిక ఉందని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇక సైన్సు సంగతి. పరోపకారం జీవశాస్త్రానికి చాలాకాలం ఒక చిక్కు ప్రశ్న. బతకడానికి పోటీ పడే జీవుల్లో తనకి నష్టం చేసుకుని ఇంకొకరికి మేలు చేసే గుణం ఎలా నిలిచింది? కుట్టి చచ్చిపోయే తేనెటీగ ఎందుకు కుడుతుంది? 1964లో హామిల్టన్ దీనికి రక్తసంబంధంతో జవాబు చెప్పాడు: నా దగ్గర బంధువు బతికితే మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న జన్యువులు కొన్ని బతుకుతాయి. మన దేశానికి వచ్చి స్థిరపడి, ఆ ఏడాదే భువనేశ్వర్‌లో చనిపోయిన హాల్డేన్ ఇదే మాటని అంతకుముందు హాస్యంగా అనేవాడని చెబుతారు: ఇద్దరు అన్నదమ్ముల కోసమో, ఎనిమిది మంది కజిన్ల కోసమో అయితే నేను నీళ్ళలో దూకుతాను అని. 1971లో ట్రివర్స్, బంధువులు కాని వాళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఎలా నిలబడుతుందో చెప్పాడు. నాట్ల రోజుల్లో ఈ వారం మీ చేలో, వచ్చే వారం మా చేలో అని బదులు పనికి పోయే ఆడవాళ్ళకి ఆ సిద్ధాంతం వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ మగవాళ్ళు వేసిన లెక్కలు. ఆ తర్వాత స్త్రీ శాస్త్రజ్ఞులు వచ్చి వేరే చోట వెతికారు. క్రిస్టెన్ హాక్స్, ఆమెతో పనిచేసినవాళ్ళు టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హాడ్జా ప్రజల దగ్గర ఉండి, ఎవరు ఎంత తిండి తెస్తున్నారో గమనించారు. కాన్పు అయిన తల్లి కొత్త బిడ్డతో ఉన్నప్పుడు, పెద్ద పిల్లలు బరువు పెరగడం అమ్మమ్మలో నాయనమ్మలో ఎంతసేపు దుంపలు తవ్వుతున్నారన్న దాని మీద ఆధారపడి ఉందని తేలింది. ముట్లుడిగిన తర్వాత కూడా స్త్రీ ఇన్నేళ్ళు బతకడానికి కారణం ఇదే కావచ్చునని వాళ్ళు ప్రతిపాదించారు. సారా హర్డీ 2009లో రాసిన పుస్తకంలో ఇంకా ముందుకు వెళ్ళి, మనిషి బిడ్డని తల్లి ఒక్కతే పెంచడం ఎన్నడూ సాధ్యం కాలేదు, నలుగురూ ఎత్తుకోవడం వల్లనే మనుషులకి ఒకరి మనసు ఒకరు చదివే గుణం వచ్చింది అంది. తల్లి ఒక్కతే సర్వం చూసుకోవడం ప్రకృతి ధర్మం అనేవాళ్ళు ఈ పుస్తకం చదివితే బాగుండును.

పిల్లల మీద జరిగిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. జర్మనీలో వార్నెకెన్, టోమాసెల్లో అనే ఇద్దరు ఏడాదిన్నర పిల్లల ముందు కావాలని వస్తువులు జారవిడిచి, అందుకోలేనట్టు చెయ్యి చాపేవారు. చాలామంది పిల్లలు ఎవరూ చెప్పకుండానే పాక్కుంటూనో తప్పటడుగులతోనో వెళ్ళి తీసిచ్చారు. 2006లో వచ్చిన పరిశోధన ఇది. ఇందులో ఆడపిల్లలకి మాత్రమే సేవాగుణం ఉందని ఏమీ తేలలేదు. మగపిల్లలూ తీసిచ్చారు. మరి పాతికేళ్ళు వచ్చేసరికి మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరో అందించాలన్న స్థితికి వాళ్ళు ఎలా వస్తున్నారు? ఆ మధ్యలో ఇంట్లో ఏం నేర్పుతున్నామో మనకి తెలుసు.

ఇక్కడ మన ఉద్యమానికి దగ్గరగా ఉన్న ఒక విషయం దగ్గర కొంచెం ఆగుతాను. సేవ అనగానే మనకి మెత్తని పనులే గుర్తొస్తాయి. అన్నం పెట్టడం, గాయం కడగడం, ఓదార్చడం. 2002లో స్విట్జర్లాండులో ఫేర్, గాష్టర్ అనే ఇద్దరు 240 మంది విద్యార్థులతో ఒక ఆట ఆడించారు. నలుగురు ఒక జట్టు. ఒక్కొక్కరికి కొంత డబ్బు ఇచ్చి, అందులో ఉమ్మడి ఖాతాలో ఎంత వేస్తారో మీ ఇష్టం అన్నారు. ఉమ్మడిగా వచ్చిన లాభం నలుగురికీ సమానంగా పంచుతారు. అంటే ఏమీ వెయ్యకుండా వాటా తినేవాడికే ఎక్కువ మిగులుతుంది. ఒక రకం ఆటలో, అలా తినేవాడికి జరిమానా వెయ్యవచ్చు, కానీ వేసేవాళ్ళు కూడా తమ చేతి డబ్బు కొంత పోగొట్టుకోవాలి. జట్లు ప్రతిసారీ మారిపోతాయి కాబట్టి జరిమానా వేసిన వాళ్ళకి దాని వల్ల తిరిగి వచ్చేదేమీ లేదు. అయినా చాలామంది సొంత డబ్బు పోగొట్టుకుని జరిమానాలు వేశారు. జరిమానా ఉన్న ఆటలో ఉమ్మడి ఖాతా పెరిగింది, లేని ఆటలో తగ్గిపోయింది. తాను నష్టపోయి అన్యాయం చేసినవాణ్ణి నిలదీయడం కూడా పరోపకారమేనని ఆ శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు.

అది చదివినప్పుడు నాకు దూబగుంట గుర్తొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకి వచ్చిన కూలి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్కడి నుంచి అది రాష్ట్రమంతా పాకింది. వర్ధినేని రోశమ్మ పేరు మీ అందరికీ తెలుసు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. దుకాణం ముందు కూర్చున్న ప్రతి ఆడమనిషికీ ఆ రోజు కూలి పోయింది, ఇంటికెళ్తే దెబ్బలు తినే భయం ఉంది. వచ్చే మేలు మాత్రం బయటికి రాని వాళ్ళకి కూడా వస్తుంది. శాస్త్రం ప్రకారం పరోపకారానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయినా మనల్ని ఎవరూ సేవామూర్తులు అనరు, గయ్యాళులు అంటారు. అనాథ శరణాలయంలో పళ్ళు పంచితే ఫొటో వేస్తారు, పోలీసు స్టేషన్ ముందు కూర్చుంటే కేసు పెడతారు.

ఇప్పుడు మీరు అడిగిన లాభం సంగతి. సేవ చేస్తే ఆరోగ్యం బాగుపడుతుందా? బాగుపడుతుందని చెప్పే పరిశోధనలు చాలా ఉన్నాయి. స్టెఫానీ బ్రౌన్ బృందం అమెరికాలో 423 వృద్ధ దంపతులని అయిదేళ్ళు గమనించింది. ఇరుగుపొరుగుకీ, స్నేహితులకీ సాయం చేసేవాళ్ళూ, జీవిత భాగస్వామికి మానసికంగా అండగా ఉన్నవాళ్ళూ ఆ అయిదేళ్ళలో చనిపోవడం తక్కువ. సాయం అందుకోవడం వల్ల మాత్రం ఆ మేలు కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే సాయం చెయ్యగలరు కదా, ఏది ముందు, ఏది వెనక అని మీకు అనుమానం రావాలి. వాళ్ళకీ వచ్చింది, అంతకుముందు ఉన్న ఆరోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ అనుమానానికి ఇంకా గట్టి జవాబు 2013లో కెనడా నుంచి వచ్చింది. 106 మంది హైస్కూలు పిల్లలని చీట్లు వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని వారానికి గంట, గంటన్నర చొప్పున పది వారాలు చిన్న పిల్లలకి చదువులో, ఆటల్లో సాయం చెయ్యడానికి పంపారు. రెండో భాగాన్ని ఆగమన్నారు. పది వారాల తర్వాత పరీక్షిస్తే, సాయానికి వెళ్ళిన పిల్లల్లో కొలెస్టరాలూ, గుండెజబ్బుకి దారితీసే ఇంకొన్ని లక్షణాలూ తక్కువగా ఉన్నాయి.

ఇంతవరకూ చెప్పి దిగిపోతే మీరు చప్పట్లు కొడతారు, మన సంఘాలకి నలుగురు కొత్త వాలంటీర్లు కూడా రావచ్చు. కానీ అది సగం నిజం.

1999లో షుల్జ్, బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు మంచాన పడ్డ భార్యకో భర్తకో సేవ చేసే వృద్ధుల్ని నాలుగేళ్ళు గమనించారు. ఆ సేవ తమకి భారంగా ఉందన్నవాళ్ళలో, అలాంటి సేవ చేయవలసిన అవసరం లేని వాళ్ళకన్నా చనిపోయే ప్రమాదం 63 శాతం ఎక్కువ ఉంది. భారంగా లేదన్నవాళ్ళలో ఆ తేడా కనబడలేదు. 2004లో ఇంకో పరిశోధన. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న పిల్లల్ని సాకే తల్లుల రక్తకణాలు పరీక్షించారు. మన కణాల్లో క్రోమోజోముల చివర తొడుగుల్లాంటివి ఉంటాయి, వయసుతో అవి అరిగిపోతాయి. ఎన్ని ఎక్కువ ఏళ్ళుగా సాకుతుంటే ఆ తల్లికి అవి అంత ఎక్కువ అరిగాయి. అంటే అమ్మ త్యాగం అని మనం పాటలు పాడేది ఆమె రక్తంలో అరుగుదలగా కనబడుతోంది.

ఒకచోట సేవ ఆయుష్షు పోస్తోంది, ఇంకోచోట తీస్తోంది. తేడా ఎక్కడుంది? 2010లో వైన్‌స్టైన్, రయన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు దీనికి చాలావరకు జవాబు చెప్పాయి. తన ఇష్టంతో సాయం చేసినప్పుడు చేసినవాళ్ళ మనసు తేలికపడింది. తప్పదు కాబట్టో, చెయ్యకపోతే సిగ్గు కాబట్టో చేసినప్పుడు ఆ మేలు లేదు. మరో ముఖ్యమైన సంగతి, ఇష్టంతో చేసిన సాయం అందుకున్నవాళ్ళకి కూడా ఎక్కువ హాయిగా ఉంది. మనం కౌన్సెలింగ్‌కి వచ్చిన మనిషి ముందు అలసిపోయి, విసుగ్గా కూర్చుంటే ఆమెకి తెలిసిపోతుంది.

కాబట్టి స్వచ్ఛందం అనే మాట అలంకారం కాదు, ఆ మేలంతా ఆ మాటలోనే ఉంది. కాదనగలిగిన మనిషి ఔనంటేనే అది స్వచ్ఛందం. 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికి పెట్టారు. ఆ పని చేసే పురుషులు పెట్టింది 97 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు ఎవరూ అడక్కుండా, ఎవరూ లెక్కపెట్టకుండా పోయే మనిషి దగ్గరికి వెళ్ళి, రామ్మా సమాజసేవ చెయ్యి, ఆరోగ్యానికి మంచిది అంటే ఆమె నవ్వదా?

ప్రభుత్వాలు ఈ మాటని ఎలా వాడుతున్నాయో చూడండి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. ఆశా గౌరవ వాలంటీరు, ఆమెకి జీతం ఉండదు, చేసిన పనిని బట్టి ప్రోత్సాహకం ఉంటుంది అని మార్గదర్శకాల్లోనే రాశారు. రోజుకి రెండు మూడు గంటల పని అన్నారు. ఆమె స్త్రీయే అయి ఉండాలన్నారు. కాన్పు నొప్పులు అర్ధరాత్రి వస్తే ఆ రెండు మూడు గంటల లెక్క ఎవరు చూస్తారు? 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మంది ఆశాలకి అవార్డు ఇచ్చి గౌరవించింది. సంతోషమే. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 2013లో భారత కార్మిక మహాసభ ఇలాంటి పథకాల్లో పనిచేసేవాళ్ళని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫారసు చేసింది. అవార్డు వచ్చినంత సులువుగా అది రాలేదు.

అంగన్‌వాడీల సంగతి ఇంకా విడ్డూరం. 1975 నుంచి వాళ్ళది గౌరవ వేతనమే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు వేతనాల పెంపుతో సహా తమ డిమాండ్ల మీద సమ్మెకి దిగి 42 రోజులు నిలబడ్డారు. మధ్యలో, జనవరిలో, ప్రభుత్వం వాళ్ళ మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం అడిగితే నువ్వు గౌరవ కార్యకర్తవి, పని ఆపితే నువ్వు అత్యవసరం! 2019లో అదే రాష్ట్రంలో నెలకి 5000 రూపాయల గౌరవ వేతనం మీద గ్రామ, వార్డు వాలంటీర్లని పెట్టారు. ఆ ఏర్పాటు ఇప్పుడు లేదు. పార్టీ ఏదైనా ఈ వాలంటీరు అనే మాట మీద మాత్రం అందరికీ మక్కువే.

డబ్బిస్తే సేవాభావం చెడిపోతుంది అనే వాదన మీరు వినే ఉంటారు. దానికీ పరిశోధన ఉంది, దాచిపెట్టను. 2008లో స్వీడన్‌లో వచ్చిన ఒక ప్రయోగంలో, రక్తదాతలుగా నమోదయ్యే ముందు చేసే ఆరోగ్య పరీక్షకి డబ్బిస్తామంటే, ఒప్పుకున్న స్త్రీల సంఖ్య దాదాపు సగం నుంచి 30 శాతానికి పడిపోయింది. ఆ డబ్బుని పిల్లల కాన్సర్ నిధికి ఇవ్వవచ్చంటే మళ్ళీ పెరిగింది. నిజమే, దానం చేసేవాళ్ళకి ధర కడితే చిన్నబుచ్చుకుంటారు. అయితే అది ఏడాదికి రెండు మూడుసార్లు చేసే పని. ఇరవై ఏళ్ళు రోజూ చేసే పనికి దాన్ని వర్తింపచెయ్యడం మోసం. జాంబియాలో 2010లో గ్రామ ఆరోగ్య కార్యకర్తల్ని చేర్చుకున్నప్పుడు, కొన్ని జిల్లాల్లో ప్రజాసేవ చెయ్యడానికి రండి అనీ, కొన్నిట్లో ఇది మంచి ఉద్యోగం, పైకి ఎదగవచ్చు అనీ ప్రకటనలు అంటించారు. ఉద్యోగం అని వచ్చినవాళ్ళు రెండోవాళ్ళకన్నా 29 శాతం ఎక్కువ ఇళ్ళు తిరిగారు. బతుకుతెరువు చూసుకున్న మనిషికి మనసు ఉండదనేది కడుపు నిండినవాళ్ళ మాట.

ప్రభుత్వాన్ని తిట్టడం తేలికే. ఇప్పుడు మన గురించి.

మా సంఘంలో శనివారం శనివారం సలహా కేంద్రం నడుస్తుంది. కుట్టుపని చేసుకునే ఒకామె ఆరేళ్ళపాటు ఒక్క వారం కూడా మానకుండా వచ్చేది. స్టేషన్‌కి తోడు వెళ్ళేది, కోర్టు దగ్గర సాయంత్రం దాకా కూర్చునేది. ఒకసారి మానేసింది. నెల చూశాం. మా మీటింగులో ఎవరో నిబద్ధత తగ్గింది అన్నారు. నేను కూడా తల ఊపాను, అది ఇప్పటికీ నాకు సిగ్గే. తర్వాత వాళ్ళింటికి వెళితే మిషను ముందు కూర్చుని ఉంది. కుశల ప్రశ్నలు అయ్యాక నెమ్మదిగా అంది: "రావడం ఇష్టమే అక్కా. బస్సు ఛార్జీలు అడగాలంటే మొహమాటం. నాలుగు కిలోమీటర్లు నడిచే వచ్చేదాన్ని, మీరెవరూ ఎప్పుడూ అడగలేదు. శనివారం కుట్టు పోతుంది. ఇంటికి పోయాక వంట ఎట్లాగూ నేనే. మీ దగ్గర కూడా టీ నేనే పెడతాను. ఈ ఆరేళ్ళలో మీ మీటింగుల్లో నేను మాట్లాడిందానికన్నా టీ పెట్టిందే ఎక్కువ."

నేను బదులు చెప్పలేకపోయాను. మన సంఘాల్లో జీతాలు తీసుకునేవాళ్ళున్నారు, నేనూ కొన్నేళ్ళు తీసుకున్నాను. ప్రాజెక్టు డబ్బుతో సదస్సులకి రైల్లో వెళ్ళి వచ్చాం. ఆమెకి బస్సు టిక్కెట్టు ఇవ్వడం ఎవరికీ తట్టలేదు. పైగా అడగని మనిషినే మంచి కార్యకర్త అని మెచ్చుకునే వాతావరణం మేమే పెంచాం. అడగడం నేర్పడానికే పుట్టిన సంఘం మనది!

ఆ తర్వాత గుమ్మం పక్కన బల్ల మీద ఛార్జీల రిజిస్టరు పెట్టాం. ఎవరూ అడగక్కర్లేదు, రాసుకుని డబ్బాలోంచి తీసుకోవడమే. జీతం ఉన్నవాళ్ళు కూడా అదే రిజిస్టరులో రాయాలి, లేకపోతే అది బీదవాళ్ళ రిజిస్టరు అయిపోతుంది. రోజంతా పట్టే కోర్టు పనికి ఆ రోజు కూలి ఎంతో అంత ఇవ్వాలని తీర్మానించాం. డబ్బు చాలక రెండుసార్లు ఆగింది, ఆగినప్పుడు మనిషిని పంపలేమని కేసు పెట్టినామెకి ముందే చెప్పాం. అది చెప్పడం కష్టమే. టీకి వంతులు వేశాం, మగ న్యాయవాది మిత్రులతో సహా. మొదట్లో ఆయన పెట్టిన టీ తాగడం కూడా ఒక రకమైన త్యాగమే అయింది. అన్నిటికన్నా కష్టమైంది, రాలేను అని ఎవరైనా అంటే ఎందుకు అని అడగకుండా ఉండడం. అది ఇంకా మాకు సరిగ్గా అలవాటు కాలేదు.

ఆమె ఇప్పుడు నెలకి రెండు శనివారాలు వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి పోలీసు స్టేషన్లో ఎలా మాట్లాడాలో ఆమే నేర్పుతుంది. మిగతా రెండు శనివారాలకి మాకు మనిషి కావాలి. మీలో ఎవరికైనా వీలూ ఇష్టమూ రెండూ ఉంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. వీలుకాదని చెప్పడానికైనా కలవండి, ఏమీ అనుకోను. ఇప్పుడు టీ వచ్చింది. ఈ పూట వంతు ఎవరిదో గోడ మీద రాసి ఉంది, చూసుకోండి.